తొమ్మిది, పది తరగతులకు నాటకం క్లాసు: ‘కన్యాశుల్కం’తో మొదలుపెట్టే టీచర్లకు సమగ్ర మార్గదర్శి

మన హైస్కూళ్లలో నాటకం గుర్తొచ్చేది వార్షికోత్సవానికి రెండు వారాల ముందు. గొంతు బాగున్న నలుగురైదుగురు పిల్లల్ని ఏరి, డైలాగులు బట్టీ పట్టించి, అద్దె దుస్తులు తెప్పించి, ఒక రాత్రికి స్టేజీ ఎక్కించి చేతులు దులుపుకుంటాం. మిగతా నలభై మంది కింద కూచుని చప్పట్లు కొడతారు. దాన్ని కార్యక్రమం అనొచ్చుగానీ క్లాసు అనలేం. తెలుగు టీచరు తన పీరియడ్లలోనే, తన తరగతిలోని పిల్లలందరితోనూ ఒక నాటకాన్ని ఎలా నడిపించవచ్చో ఇక్కడ వరసగా చెబుతాను.

ఒక్క సంగతి ముందే తేల్చుకుందాం. రిహార్సలే పాఠం. ‘ఈ పాత్ర ఈ మాట ఇప్పుడే ఎందుకంది?’ అన్న ప్రశ్నకు నోట్సులో జవాబు రాయమంటే పిల్లలు గైడు చూసి రాసేస్తారు. లేచి నిలబడి ఆ మాట అనమంటే గైడు పనికిరాదు. ఎవరివైపు చూడాలి, ఎక్కడ ఆగాలి, గొంతు పెంచాలా తగ్గించాలా అన్నది వాళ్లే తేల్చుకోవాలి. తేల్చుకోవాలంటే మళ్లీ చదవాలి. సాహిత్యం క్లాసులో మనకు కావలసింది ఆ రెండో చదువే. చివర్లో ప్రదర్శన జరిగితే సంతోషం, జరక్కపోయినా నష్టం లేదు.

హెడ్మాస్టరు గారు ‘సిలబస్ ఏమవుతుందండీ’ అంటే చెప్పడానికి జవాబు సిద్ధంగా ఉంచుకోండి. పదో తరగతి తెలుగు పరీక్షలో సృజనాత్మకత కింద సంభాషణ రాయండి, ఏకపాత్ర రాయండి, నాటికగా మార్చండి అనే ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. పాత్ర నోటితో నాలుగు నెలలు మాట్లాడిన పిల్లలకు అవి నల్లేరు మీద నడక.

ఏ నాటకం, అందులో ఏ రంగాలు

నా ఓటు గురజాడ ‘కన్యాశుల్కం’కే. మొదటి కారణం, పిల్లలు నవ్వుతారు. రెండోది, అందులో అందరూ మనుషుల్లా మాట్లాడతారు. మూడోది, అబద్ధం ఆడని పాత్ర అందులో దాదాపు లేదు. అబద్ధం ఉన్నచోట నటించడానికీ చర్చించడానికీ బోలెడంత సరుకు ఉంటుంది.

1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు దీన్ని మొదటిసారి ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకం అనిపించేంతగా తిరగరాసి రెండో కూర్పు వేశారు. ఇప్పుడు మనందరం కన్యాశుల్కం అంటున్నది ఆ రెండోదాన్నే. పుస్తకం కొనేటప్పుడైనా, నెట్‌లో దించుకునేటప్పుడైనా ఏ కూర్పో చూసుకోండి. రంగస్థలం కోసం కుదించిన ప్రతులు కూడా తిరుగుతుంటాయి. సగం మంది చేతిలో ఒకటి, సగం మంది చేతిలో ఇంకొకటి ఉంటే క్లాసు గందరగోళమే.

రెండో కూర్పు ఏడంకాలు. మొత్తం ఆడాలంటే రాత్రి చాలదు. కాబట్టి అయిదు రంగాలు తీసుకోండి. మొదటి అంకంలో గిరీశం, అతని శిష్యుడు వెంకటేశం కలిసే చోటు. వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో ఇద్దరూ ఇంగ్లీషు దంచే చోటు. అగ్నిహోత్రావధాన్లు తన చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు ఇస్తానన్నప్పుడు ఇంట్లో రేగే గొడవ. ఆ పెళ్లి తప్పించడానికి సుబ్బి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి బేరం పెట్టే చోటు. ఆఖర్న వకీలు సౌజన్యారావు పంతులు దగ్గర గిరీశం బండారం బయటపడటం. మధ్యలో వదిలేసిన కథను సూత్రధారుడిగా ఒక పిల్లో పిల్లాడో రెండు నిమిషాల్లో చెబితే సరిపోతుంది.

మీ ఊరిని బట్టి వేరే నాటకం పెట్టుకోవచ్చు. పద్యం వినిపిస్తే పనులాపి వచ్చే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ తిరుపతి వెంకట కవుల రాయబారం రంగం బ్రహ్మాండంగా పండుతుంది. కాకపోతే పద్యానికి రాగం తర్వాత నేర్పండి. ముందు సంధులు విడగొట్టి, అన్వయం కుదిర్చి, మామూలు మాటలాగా చెప్పించండి. కృష్ణుడు ఏం బెదిరిస్తున్నాడో తెలియకుండా రాగం తీసే పిల్లవాడు ఆలాపన దగ్గరే ఆగిపోతాడు. తెలంగాణ పల్లెల్లో అయితే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన ‘మా భూమి’ తాతల కథలను ఇంటినుంచి క్లాసుకు లాక్కొస్తుంది.

కాపీరైటు మాట కూడా ఇక్కడే. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల వరకు హక్కులుంటాయి. గురజాడ 1915లోనే పోయారు కాబట్టి ఆ బెంగ లేదు. హక్కులున్న నాటకమైనా సరే, బడి పిల్లలూ సిబ్బందీ ఆడి, చూసేవాళ్లు కూడా బడివాళ్లూ తల్లిదండ్రులే అయితే 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. బయటివాళ్లకు టిక్కెట్టు పెట్టినా, బయట పోటీలకు తీసుకెళ్లినా మాత్రం అనుమతి తెచ్చుకోవాలి.

క్యాలెండరు

జులైలో మొదలుపెట్టి నవంబరు 14కి ముగించండి. వారానికి ఒక పీరియడ్ చాలు. నెలకోసారి ఇంకో టీచరుతో మాట్లాడుకుని రెండు పీరియడ్లు కలిపి తీసుకోండి. దసరా సెలవుల లోపల చదవడం అయిపోవాలి, సెలవుల తర్వాత రిహార్సల్. డిసెంబరు దాటితే పదో తరగతికి స్పెషల్ క్లాసులు, ప్రీ ఫైనల్స్ టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు నాటకం అంటే పిల్లలే వద్దంటారు. తొమ్మిదో తరగతైతే సంక్రాంతి దాటాక కూడా సాగదీయొచ్చు.

బడి వదిలాక రిహార్సల్ పెట్టొద్దు. ఊరి బస్సు తప్పిపోతుందని ఆడపిల్లలు ఆగరు, ఆగనివ్వరు కూడా. చివరికి మగపిల్లల నాటకమై కూచుంటుంది.

పుస్తకం చేతికివ్వకముందు

మొదటి రెండు మూడు పీరియడ్లు నాటకం ఊసెత్తకండి. బోర్డు మీద ఈ నాలుగు మాటలు రాయండి.

‘వచ్చావా?’
‘వచ్చాను.’
‘అన్నం తిన్నావా?’
‘ఆకలి లేదు.’

ఇద్దరిద్దరిని పిలిచి, వాళ్లెవరో చీటీ మీద రాసి రహస్యంగా చూపించండి. మార్కులు తక్కువొచ్చిన కొడుకూ తల్లీ. అప్పు తీసుకున్న తమ్ముడూ అది అడగలేక సతమతమయ్యే అన్నా. నిన్న గొడవపడ్డ ఇద్దరు స్నేహితులు. భర్తతో పొసగక పుట్టింటికి వచ్చేసిన కూతురూ తండ్రీ. ఒక్క మాట కూడా మార్చకూడదు. చూస్తున్న క్లాసు వాళ్లిద్దరూ ఏమవుతారో పట్టుకోవాలి.

మొదటి జంట సిగ్గుతో గడగడా అప్పజెప్పేస్తుంది, ఎవరూ పట్టుకోలేరు. అప్పుడు ఒక్క సూచన ఇవ్వండి: ‘అన్నం తిన్నావా’ అనే ముందు మనసులో అయిదు లెక్కపెట్టు. అంతే, గది నిశ్శబ్దమైపోతుంది. తల్లీ కొడుకుల చీటీ వచ్చిన జంటలో ‘ఆకలి లేదు’ అన్న పిల్లాడు తల వంచుకుంటాడు, వంచమని మనం చెప్పకపోయినా. పట్టుకున్నవాళ్లను వెంటనే అడగండి: ఎలా తెలిసింది? ఆగినందుకా, చూపు తిప్పుకున్నందుకా, దూరంగా నుంచున్నందుకా? జవాబులు బోర్డు మీద రాశాక అప్పుడు చెప్పండి, వీటికి మనవాళ్లు ఎప్పుడో పేర్లు పెట్టారని: ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం). పేర్లు ముందు చెప్పి ఆట తర్వాత ఆడిస్తే అది ఇంకో బిట్ పేపరు అయిపోతుంది.

రెండో అభ్యాసం గొంతుకు. ఒక పిల్లను చివరి బెంచీలో కూచోబెట్టి, వినబడనప్పుడల్లా చెయ్యెత్తమనండి. పిల్లలు సాధారణంగా వాక్యం మొదట్లో గట్టిగా అరిచి చివర మింగేస్తారు. తెలుగులో అది కొంప ముంచుతుంది. మన క్రియ చివరనే ఉంటుంది, అవునో కాదో తేలేదీ అక్కడే. ‘నేను రేపు మీ ఇంటికి వస్తా...’ దాకా వినబడి మిగతాది మింగితే అది ‘వస్తాను’ అయినా కావచ్చు, ‘వస్తాననుకోకు’ అయినా కావచ్చు. గొంతు పెంచమని అరవకండి. ఆఖరి పదాన్ని చివరి బెంచీ దాకా చేర్చమనండి. ఒక్క పీరియడ్‌లో తేడా తెలుస్తుంది.

చదివించడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. 1909 నాటి రాత పిల్లలకు కొత్తగా ఉంటుంది. ‘ఏ’కు బదులు ‘యే’, ‘ఉ’కు బదులు ‘వు’. మొదటి రెండు పేజీలు మీరే పైకి చదవండి. కళ్లకు వింతగా ఉన్నది చెవికి మామూలు మాటేనని అర్థమయ్యాక భయం పోతుంది. అర్థాలు ముందే బోర్డు మీద రాయొద్దు. ఎక్కడ ఆగిపోయారో అక్కడ చెప్పండి.

తర్వాత గుండ్రంగా కూచోబెట్టి ఒక్కొక్కరి చేత ఒక్కో డైలాగు చదివించండి. పాత్రలు పంచొద్దు. వరసలో ఎవరికి ఏది వస్తే అది. దీనివల్ల గిరీశం ముప్పై గొంతుల్లో వినబడతాడు, బాగా చదివే పిల్లాడు మొదటి రోజే హీరో అయిపోడు.

రంగం అయ్యాక మూడు ప్రశ్నలు. ఎవరు ఎవరి దగ్గర ఏం రాబట్టుకోవాలని చూస్తున్నారు? ఎవరు ఏం దాస్తున్నారు? రంగం మొదట్లో ఎవరిది పైచేయి, చివర్లో ఎవరిది? ఏ రంగానికైనా ఇవే అడగండి. పిల్లలు విసుక్కున్నా మార్చొద్దు. నాలుగో రంగానికి వచ్చేసరికి చదువుతూనే వాళ్లే వెతుకుతుంటారు.

మొదటి రంగం మీద ఇది ఎలా నడుస్తుందో చూడండి. గిరీశం ఒంటరిగా ఉన్నాడు. పూటకూళ్లమ్మ సంతలో సామాన్లు తెమ్మని ఇచ్చిన 20 రూపాయలు భోగం మధురవాణికి ఖర్చుపెట్టేశాడు, ఊళ్లో ఉండే దారి కనబడటం లేదు. అప్పుడు శిష్యుడు వెంకటేశం వస్తాడు. అంతే, మహా పండితుడైపోతాడు. గిరీశం వేసే కుర్రాడు సాధారణంగా మొదటి మాట నుంచే కాలరెగరేసి దర్జాగా తిరుగుతాడు. ఆపి అడగండి: ‘వెంకటేశం కనబడకముందు నీ భుజాలెలా ఉన్నాయి? అప్పులవాడు వస్తాడేమోనని వెనక్కి చూశావా?’ రెండోసారి చేసినప్పుడు భుజాలు జారి ఉంటాయి. వెంకటేశం అలికిడికి ఉలిక్కిపడతాడు, వచ్చింది ఎవరో చూసి పైకి లేస్తాడు. ఆ ఒక్క క్షణంలో గిరీశం మొత్తం ఉన్నాడు. వ్యాసరూప ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

వెంకటేశాన్ని మందమతిగా వేయనివ్వకండి. గురువుగారి వల్ల తనకు అబ్బింది చుట్ట కాల్చడమొక్కటేనని మొహం మీదే అనగలిగినవాడు వాడు. పరీక్ష పోయిన సంగతి తండ్రికి తెలియకుండా ఇంటికి ఎలా చేరాలన్నది వాడి గొడవ. ఇద్దరికీ ఇద్దరితోనూ అవసరం ఉంది. పదో తరగతి పిల్లలకు ఇది విడమరిచి చెప్పాల్సిన పనే ఉండదు.

ఇంగ్లీషు రంగం ఇంగ్లీషు మీడియం పిల్లలతో చేయిస్తే దాని సంగతే వేరు. ఇంట్లోవాళ్ల ముచ్చట తీర్చడానికి గిరీశం, వెంకటేశం పొంతన లేని ఇంగ్లీషు ముక్కలు విసురుకుంటారు. విన్నవాళ్లు మురిసిపోతారు. చాలామంది టీచర్లు ఆ ఇంగ్లీషు చెప్పే ఇద్దరి మీదే దృష్టి పెడతారు. నన్నడిగితే రంగం ఉన్నది వినేవాళ్ల మొహాల్లో. ఎనిమిది మందిని ఇంటివాళ్లుగా కూచోబెట్టి, ఒక్క ముక్క అర్థం కాకుండా గర్వపడటం ఎలా ఉంటుందో చేయమనండి. బిడ్డ ఇంగ్లీషులో మాట్లాడితే మురిసిపోయే అమ్మానాన్నలు అందరి ఇళ్లలోనూ ఉన్నారు. మొదట పకపకా నవ్వుతారు, తర్వాత కొందరి నవ్వు ఆగుతుంది. అక్కడ అడగండి: నవ్వాల్సింది ఎవరిని చూసి? జవాబు మీరు చెప్పకండి. గంట కొట్టేదాకా వాదించుకోనివ్వండి.

చదువు పూర్తయ్యే దశలో ఒక చిన్న పని ఇవ్వండి. ఏదో ఒక పది డైలాగులు తీసుకుని వాళ్లింటి మాటలోకి మార్చాలి. నాటకంలో ఉన్నది విజయనగరం వైపు మాట. కరీంనగర్ పిల్ల ‘ఏందిరా’ అంటుంది, అనంతపురం పిల్లాడు ‘ఏమిరా’ అంటాడు, శ్రీకాకుళం వాడు ‘ఏటిరా’ అంటాడు. బడిలో ‘సరిగ్గా మాట్లాడు’ అనిపించుకున్న మాటే ఇక్కడ మార్కులు తెచ్చిపెడుతుంది. రెండు మూడు మాండలికాలవాళ్లు కలిసి ఉన్న హైదరాబాదు బడుల్లో ఇది ఇంకా రంజుగా ఉంటుంది.

ఇబ్బంది పెట్టే చోట్లు

ఈ నాటకంలో భోగం మధురవాణి ఉంది, బాల్యవివాహం ఉంది, వితంతువుల మీద తిట్లు ఉన్నాయి, కులం పేర్లు ఉన్నాయి. ఇవి పిల్లల ఎదుట ఉన్నట్టుండి తగిలి మీరే తడబడకూడదు. సెలవుల్లోనే రంగాలన్నీ చదివి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో గుర్తు పెట్టుకోండి. తీసేసినచోట తీసేశామనే చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. దాచిపెడితే పిల్లలు ఆ పేజీయే ముందు చదువుతారు.

మధురవాణి పేరెత్తగానే వెనక బెంచీలో ముసిముసి నవ్వులు మొదలవుతాయి. కసురుకోవద్దు. ఆమె వృత్తి ఏమిటో రెండు వాక్యాల్లో మామూలుగా చెప్పేసి, ‘ఈ నాటకంలో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నవాళ్ల జాబితా రాయండి’ అనండి. పెద్దమనుషులంతా కొట్టుకుపోతారు, జాబితాలో మిగిలేవాళ్లలో ఆమె ఉంటుంది. నవ్వులు వాటంతటవే సర్దుకుంటాయి.

సుబ్బి పెళ్లి రంగం చదివిన రోజు, 1897 కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలోని లెక్కలు బోర్డు మీద వేయండి. విజయనగరం మహారాజు తీయించిన లెక్క అది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో నమోదైన శుల్కం పెళ్లిళ్లు, అంటే పిల్లకు డబ్బు పుచ్చుకుని చేసినవి, 1,034. వాటిలో పెళ్లికూతురికి అయిదేళ్లున్నవి 99. ఏడాది వయసువి మూడు. అంతవరకూ నవ్వుకున్న నాటకం కింద ఏముందో ఆ అంకెలే చెబుతాయి, మీరు ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. ఆ వెంటనే 1929 శారదా చట్టం, 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం, ఆడపిల్లకు 18, మగపిల్లాడికి 21 అన్న సంగతి చెప్పండి. ఇది చరిత్ర పాఠమే అనుకోకండి. పదో తరగతి అవగానే పెళ్లి మాట ఎత్తే ఇళ్లు మీ క్లాసులోనే ఉండొచ్చు. 1098 పిల్లల హెల్ప్‌లైన్ నంబరు కూడా బోర్డు మీదే రాసి ఉంచండి. ఎవరైనా తర్వాత ఒంటరిగా వచ్చి మాట్లాడితే వినండి, క్లాసులో ప్రస్తావించకండి.

కులం విషయంలో ఒక్కటే నియమం: పాత్ర కులాన్నీ పిల్లల కులాన్నీ ఎక్కడా జత కలపకూడదు. పౌరోహిత్యం ఇంటి పిల్లాడికి అవధాన్లు, పాలేరు ఇంటి పిల్లాడికి అసిరి ఇవ్వడం మనకు తెలియకుండానే జరిగిపోతుంది. ఊళ్లో అందరికీ అందరూ తెలుసు, దాని అర్థం పిల్లలకు వెంటనే అందుతుంది. పైగా పాత్ర పేరు మారుపేరై ఏళ్ల తరబడి అతుక్కుంటుంది. అందుకే ఒకే పాత్రను రంగానికొకరు చొప్పున మార్చండి. అయిదు రంగాలకు ముగ్గురు గిరీశాలున్నా ప్రేక్షకుడికి ఇబ్బంది లేదు, ఒక కండువా గుర్తుగా పెడితే చాలు.

అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు, వితంతువు అయిన బుచ్చమ్మ వేషం నాకొద్దని మగపిల్లాడు మొండికేస్తే, ఆడవేషాలకు పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావు గురించి చెప్పండి. సత్యభామ వేషంతో ఆంధ్రదేశాన్ని ఊపేసిన ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. ఇంకో సంగతి, ఈ నాటకంలో కథ నడిచేదే మగపిల్లాడు వేసిన ఆడవేషం మీద. అలాగే గిరీశాన్ని ఆడపిల్లకు ఇచ్చి చూడండి. వాడి డాంబికాన్ని వాళ్లు పట్టుకున్నంత బాగా మగపిల్లలు పట్టుకోరు, ఎందుకో మరి!

అందరికీ పని

నలభై అయిదు మందైతే రంగానికి తొమ్మిది మంది చొప్పున అయిదు జట్లు. ప్రతి జట్టులో నటులు, ప్రాంప్టరు, సూత్రధారుడు, వస్తువుల బాధ్యుడు, రోజూ ఏం మార్చారో రాసే లేఖకుడు. బాగా చదివేవాళ్లూ వెనకబడ్డవాళ్లూ కలిసేలా జట్లు మీరే వేయండి. వాళ్లకు వదిలేస్తే స్నేహితులంతా ఒకవైపు చేరతారు.

స్టేజీ అంటే వణికిపోయే పిల్లను బలవంతంగా లాగొద్దు. ప్రాంప్టింగ్ ఇవ్వండి. నాటకం మొత్తం ఎక్కువసార్లు చదివేది ప్రాంప్టరే. ఎవరైనా జ్వరంతో మానేసిన రోజు ఆ పాత్రలోకి దిగేదీ ఆమే. చదవడం తడబడే పిల్లాడికి డైలాగు చెవిన వేయండి, పక్కవాడు చెబుతుంటే పట్టేస్తాడు. అలాంటి వాళ్లలో మాట మీద పట్టున్నవాళ్లు ఎంతమంది ఉంటారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

రిహార్సల్

బెంచీలు మూడు గోడలకు జరిపి మధ్యలో సుద్దముక్కతో చతురస్రం గీయండి. అదే స్టేజీ. తలుపెక్కడ, మంచమెక్కడ, వీధెటు అన్నది గీత గీసి తేల్చండి. మొదటి వారం పుస్తకం చేతిలోనే ఉండాలి. బట్టీ పట్టమని చెప్పొద్దు. నడక, చూపు కుదిరితే మాట దానంతటదే గుర్తుంటుంది.

అన్నిటికన్నా కష్టమైన నియమం మనకే: మీరు నటించి చూపించకండి. ఒక్కసారి చూపించారంటే ముప్పై మంది మిమ్మల్నే అనుకరిస్తారు. ప్రశ్న వేయండి, ఆగండి. అదే కారణానికి 1955 నాటి సినిమాను కూడా చివరిదాకా చూపించొద్దు. ఎన్టీఆర్ గిరీశాన్నీ సావిత్రి మధురవాణినీ చూశాక పిల్లల బుర్రలోకి ఇంకో గిరీశం రాడు. ప్రదర్శన అయ్యాక చూపించి, ‘మీరు చేసినదానికీ దీనికీ తేడా ఏమిటి’ అని అడిగితే మాత్రం మంచి చర్చ నడుస్తుంది.

పిల్లలు చేసే తప్పులు ఎక్కడైనా ఇవే: ఎదుటి పాత్రతో మాట్లాడకుండా టీచరు మొహం చూస్తూ అప్పజెప్పడం, తన మాట అయిపోగానే కొయ్యబొమ్మలా నిలబడిపోవడం, నవ్వొచ్చే చోట ప్రేక్షకుల కన్నా ముందే తాము నవ్వేయడం. రెండోదానికి మందు ఉంది. ఒక రంగాన్ని మాటల్లేకుండా చేయించండి, వినేవాళ్ల పని వినబడేలా. మూడోదానికి మందు లేదు. ప్రదర్శన రోజు కూడా ఎవడో ఒకడు నవ్వుతాడు, వదిలేయండి.

దుస్తులు, తెర, మేకప్ మీద డబ్బు తగలేయొద్దు. పంచె, కండువా, పాత చీర, చేతికర్ర, గొడుగు ఇళ్లలోనే దొరుకుతాయి. మైకు ఒక్కటే ఉంటే దాన్ని చేతులు మార్చుకుంటూ తిరగడం నాటకాన్ని చంపేస్తుంది. స్టాండు మీద ముందు భాగంలో పెట్టేయండి, లేదా మైకు మానేసి చిన్న గదిలో ఆడించండి. చివరి బెంచీ అభ్యాసం చేసిన పిల్లలకు గదిలో మైకు అక్కర్లేదు.

రాత పనులు, మార్కులు

నిర్మాణాత్మక మూల్యాంకనంలో భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష ఎలాగూ ఉన్నాయి. కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. జట్టు లేఖకుడి పుస్తకం ప్రాజెక్టు కిందికి వస్తుంది. మాండలికంలోకి మార్చిన డైలాగులు రాత పని. లఘు పరీక్షకు వాళ్లు ఎన్నడూ చూడని ఒక పది లైన్ల సంభాషణ ఇచ్చి, ఆ మూడు ప్రశ్నలే అడగండి. నాటకం నుంచి నిజంగా ఏం నేర్చుకున్నారో దాంట్లో తేలిపోతుంది.

నటనకు మార్కులు వేయకండి. వేస్తే పుట్టుకతో గొంతున్నవాడికి పదికి పది, సిగ్గరికి నాలుగు. మొదటి రిహార్సల్‌కీ చివరిదానికీ మధ్య ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నది ఒక పేజీ రాయించి దానికి వేయండి.

ఏకపాత్ర రాయించేటప్పుడు నాటకంలో గొంతు అంతగా వినబడని వాళ్లను ఎంచుకోమనండి. సుబ్బి ఆ రాత్రి ఏమనుకుంది? చీపురు పట్టుకుని గిరీశం కోసం వెతుకుతూ బయల్దేరిన పూటకూళ్లమ్మ దారిలో ఏమనుకుంది? గిరీశం గురించి రాయమంటే అందరూ ఒకేలా రాస్తారు, సుబ్బి గురించి ఒకరు రాసినట్టు ఇంకొకరు రాయరు.

ప్రదర్శన రోజు, ఆ తర్వాత

ఒక్కో రంగం పది పన్నెండు నిమిషాలు మించకుండా చూసుకోండి, మొత్తం గంటలో అయిపోవాలి. ప్రాంప్టరు వింగు పక్కన పుస్తకంతో కూచోవాలి. మాట మర్చిపోతే ఎదుటి పాత్ర ‘ఏమిటి ఆలోచిస్తున్నావ్?’ అని ఏదో ఒకటి అనేసి కాలం గడపాలని ముందే నేర్పండి. ముఖ్య అతిథి ప్రసంగం నాటకానికి ముందు పెట్టొద్దు. అప్పటికే పిల్లలు వేషాల్లో చెమటలు కక్కుతుంటారు, చిన్నపిల్లలు గోల మొదలుపెడతారు.

నాటకం అయ్యాక పాత్రధారులను వేషాల్లోనే వరసగా కూచోబెట్టండి. చూసినవాళ్లు ప్రశ్నలు వేయాలి, పిల్లలు ఆ పాత్రగానే జవాబు చెప్పాలి. ‘ఏమయ్యా అవధాన్లూ, డబ్బుకు కూతుర్ని అమ్ముకుంటావా’ అని ఏ తాతగారో నిలదీస్తే, అవధాన్లు వేషంలో ఉన్న పిల్లాడు తన వైపు వాదన తాను వినిపించాలి. అతనికి అది నచ్చక్కర్లేదు, కానీ ఆ మనిషి ఎలా సమర్థించుకుంటాడో తెలిసి ఉండాలి. ఒక్కో జవాబు వింటే మీకు తెలిసిపోతుంది, ఏ జట్టు రంగాన్ని చదివిందో, ఏ జట్టు అప్పజెప్పిందో. దీనికి ఇరవై నిమిషాలు తప్పకుండా ఉంచండి, టైము చాలకపోతే ఒక రంగం తగ్గించండి.

కింది తరగతివాళ్లను ముందు వరసలో కూచోబెట్టండి. లేఖకుల పుస్తకాలు, రంగాల జెరాక్సు ప్రతులు పెన్సిల్ గుర్తులతో సహా తీసి బీరువాలో పెట్టండి. వచ్చే జులైలో ఆ గుర్తులు చూసి కొత్తవాళ్లు ‘ఇక్కడ ఎందుకు ఆగమన్నారు సార్’ అని అడుగుతారు. మీరు పాఠం అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు.